పాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆన్ కావట్లేదు, లైటు నారింజ రంగులోనే ఉంది (2012 మోడల్)

నాపరాయి_కర్నూలు
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సొంతూరు బేతంచెర్ల, ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాం. 2012లో నాన్న కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో బిల్లులు కొట్టడానికి ఏడేళ్లు ఆ షెడ్డులోనే వాడినాం. యూనిట్ మూసేసినాక ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టేసినాం. ఇప్పుడు చెల్లెలికి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టాల. ఫోన్‌లో అయితే ఒక కాలేజీ బదులు ఇంకో కాలేజీ నొక్కుతామేమోనని భయం. పెద్ద స్క్రీన్ ముందు కూర్చొని నిదానంగా చేద్దామని దీన్ని తీసినా.

మెషీన్ బాగానే లేస్తాంది. విండోస్ 10 ఉంది. వైఫై మాత్రం ఆన్ కాదు. కింద మూలన వైఫై బొమ్మ నొక్కితే ఒక్క క్షణం నీలం అయి మళ్లీ బూడిద రంగుకు పోతాంది. ముందు అంచున జరిపే స్విచ్ ఒకటి ఉంది, దాని పక్కన లైటు. స్విచ్ ఎటు జరిపినా లైటు నారింజే. ట్రబుల్‌షూటర్ నడిపితే ‘వైర్‌లెస్ కేపబిలిటీ ఈజ్ టర్న్‌డ్ ఆఫ్’ అంటాంది.

ఇక్కడ ఒక షాపులో చూపిస్తే పది నిమిషాలు చూసి మదర్‌బోర్డు పోయింది, నాలుగున్నర వేలు అవుతుందన్నారు. మెషీన్‌కే అంత రాదు. నిజంగా బోర్డు పోయిందా? ఇంట్లోనే తెలుసుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

సీక్యాంపు_మాస్టారు
శుక్రవారం, రాత్రి 10:05

బాబూ, పదమూడేళ్ల మెషీన్‌కు వేలు పెట్టొద్దు. యూఎస్‌బీలో పెట్టుకునే చిన్న వైఫై డాంగిల్ నాలుగైదు వందలకు వస్తుంది. పెట్టి పని కానివ్వు. నా పాతదానికి అదే చేశాను, రెండేళ్ల నుంచి నడుస్తోంది.

టవర్‌క్లాక్_అనంత
శుక్రవారం, రాత్రి 10:31

మాస్టారు చెప్పింది కాదనను, చివరికి ఏదీ కుదరకపోతే అదే దారి. అయితే డబ్బు పెట్టే ముందు జబ్బేందో తెలుసుకోవల్ల. అనంతపురంలో నేను రిపేరు బల్ల మీద కూర్చోబట్టి చాలా ఏళ్లు అయింది. ‘వైఫై ఆన్ కావట్లేదు’ అని తెచ్చే మెషీన్లలో మూడు రకాల జబ్బులుంటాయి. ఒకటి, లోపలి వైఫై కార్డు విండోస్‌కు అసలు కనపడదు. రెండోది, కార్డు కనపడుతుంది గానీ డ్రైవర్, అంటే కార్డును విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్, తిక్కగా ఉంటాది. మూడోది, కార్డూ డ్రైవరూ రెండూ బాగుండి ఎవరో రేడియోను, అంటే కార్డులో సిగ్నల్ పంపే భాగాన్ని, మూసి పెట్టి ఉంటారు. మూడింటికీ మందు వేరే. నువ్వు చెప్పిన గుర్తులు చూస్తే నాకు మూడోదే అనిపిస్తాంది తమ్ముడూ.

ఇప్పుడే రెండు పనులు చెయ్. డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్లలో వైర్‌లెస్ పేరు ఉందో లేదో, దాని మీద పసుపు త్రికోణం గానీ కిందికి బాణం గానీ ఉందేమో చూడు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్, డబ్ల్యూలాన్, షో, ఇంటర్‌ఫేసెస్ అనే నాలుగు మాటలు వరసగా ఇంగ్లీషులో కొట్టు. చివర్లో ‘రేడియో స్టేటస్’ అనే చోట హార్డ్‌వేర్‌కు ఒక మాట, సాఫ్ట్‌వేర్‌కు ఒక మాట చూపిస్తుంది. ఆ రెండు మాటలు ఇక్కడ రాయి.

ఇంకొక మాట. వెబ్ ఆప్షన్లకు గడువు దగ్గరుంటే దీని కోసం ఆగొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే ఆ నెట్టే కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌కు వస్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు.

నాపరాయి_కర్నూలు
శుక్రవారం, రాత్రి 11:12

అన్నా, టెథరింగ్ పని చేసింది! చెల్లెలు ఇప్పుడే లాగిన్ అయ్యి కాలేజీల లిస్టు చూస్తాంది. ఒక దిగులు తీరింది.

డివైస్ మేనేజర్‌లో వైర్‌లెస్ అడాప్టర్ పేరు ఉంది. పసుపు గుర్తు లేదు, బాణం లేదు. లోపలికి పోతే ‘డివైస్ ఈజ్ వర్కింగ్ ప్రాపర్లీ’ అని రాసింది. కమాండ్‌లో హార్డ్‌వేర్ ఆఫ్, సాఫ్ట్‌వేర్ ఆన్ అని వచ్చింది.

టవర్‌క్లాక్_అనంత
శుక్రవారం, రాత్రి 11:25

చూసినావా, మెషీనే చెప్పింది. సాఫ్ట్‌వేర్ ఆన్ అంటే విండోస్ తన వంతు తలుపు తెరిచే ఉంచింది. హార్డ్‌వేర్ ఆఫ్ అంటే స్విచ్ గానీ, స్విచ్‌ను చదివే వైరింగ్ గానీ రేడియోను మూసి పెట్టింది. కార్డు బతికే ఉంది, లేకపోతే దాని పేరు అంత శుభ్రంగా కనపడదు. బోర్డు మొత్తం పోయిందనే మాటకు ఇక్కడ ఆధారమే లేదు.

రేపు పొద్దున ఇది చెయ్. షట్‌డౌన్ చేసి అడాప్టర్ పీకి, కింద బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకో. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. పాత మెషీన్లలో కీబోర్డునూ స్విచ్‌లనూ చూసుకునే చిన్న చిప్ ఒక్కోసారి పాత స్థితిలోనే ఇరుక్కుపోతాది, దీంతో అది మొదటి నుంచి లేస్తుంది. తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల్లోకి, పోయి వైర్‌లెస్ అనే వరస ఉంటే అది ఎనేబుల్డ్‌లో ఉందో లేదో చూడు.

ఏడురోడ్ల_కడప
శనివారం, ఉదయం 7:50

కడపలో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకుంటాను. మా దగ్గర 2010, 2013 మధ్య కొన్న ల్యాప్‌టాప్‌లు ఇరవై దాకా ఉన్నాయి. వాటిలో ఈ బాధ చాలా సార్లు చూశాను. ఇంకో సంగతి కూడా చూడు తమ్ముడూ. స్విచ్ కాకుండా ఎఫ్‌ఎన్ కీతో కలిపి నొక్కే వైఫై కీ కూడా ఉందేమో. కొన్నిటికి రెండూ ఉంటాయి, రెండూ ఆన్‌లో ఉంటేనే రేడియో లేస్తుంది. పైన వరసలో ఎఫ్2, ఎఫ్3, ఎఫ్5, ఎఫ్12 లాంటి కీలలో ఏదో ఒక దాని మీద చిన్న టవర్ బొమ్మ ఉంటుంది. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బొమ్మ చూసే నొక్కాలి.

విండోస్ కొత్తగా వేసినప్పుడు కంపెనీ ఇచ్చే హాట్‌కీ ప్రోగ్రామ్ పోతుంది. అప్పుడు కీ నొక్కినా ఆ మాట ఎవరికీ చేరదు. నీది జరిపే స్విచ్ కాబట్టి ఇది కాకపోవచ్చు, కానీ చూసి పక్కన పెట్టేస్తే మంచిది.

ప్రొద్దుటూరు_కుర్రోడు
శనివారం, ఉదయం 9:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు అక్కా, నాదీ పాత ల్యాప్‌టాపే. విండోస్ 7 తీసి 10 వేయించినా. అప్పటి నుంచి వైఫై బొమ్మే లేదు. డివైస్ మేనేజర్‌లో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని పసుపు గుర్తుతో ఉండాది. స్విచ్ లాంటిదేమీ లేదు. నాది గుడక ఇదే జబ్బా?

ఏడురోడ్ల_కడప
శనివారం, ఉదయం 9:40

కాదబ్బా, నీది రెండో రకం, డ్రైవర్ జబ్బు. ఆ పసుపు గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ వరకు పో. అక్కడ ‘వెన్’ అనే మూడక్షరాల పక్కన నాలుగు గుర్తులు ఉంటాయి. 8086 అయితే చిప్ ఇంటెల్‌ది. 10ఈసీ అయితే రియల్‌టెక్. 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. 168సీ అయితే అథెరోస్. ఆ తర్వాత ‘డెవ్’ పక్కనున్న నాలుగు గుర్తులు మోడల్ చెప్తాయి. ల్యాప్‌టాప్ మోడల్ ఒకటే అయినా లోపల కార్డులు రెండు మూడు రకాలవి పెట్టి అమ్ముతారు, అందుకే మోడల్ పేరు చూసి డ్రైవర్ దించితే సగం సార్లు తప్పుతుంది. ఐడీ చూసి దించితే తప్పదు.

ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో విండోస్ 10కి డ్రైవర్ లేకపోతే 8.1ది గానీ 7ది గానీ కంపాటిబిలిటీ మోడ్‌లో వేసి చూడు, నాకు చాలావాటికి కుదిరింది. డ్రైవర్ అప్‌డేటర్ అని ఉచితంగా ఇస్తామనే ప్రోగ్రాములు మాత్రం వేయొద్దు. మా ల్యాబ్‌లో ఒక పిల్లోడు వేస్తే దాని చెత్త వదిలించడానికి రెండు రోజులు పట్టింది.

నాపరాయి_కర్నూలు
శనివారం, మధ్యాహ్నం 12:20

పొద్దున అన్నీ చేసినా. బ్యాటరీ తీసి అర నిమిషం పవర్ బటన్ పట్టుకున్నా, మార్పు లేదు. బయోస్‌లో వైర్‌లెస్ ఎనేబుల్డ్‌లోనే ఉంది. కీబోర్డు మీద టవర్ బొమ్మ లేదు అక్కా. విండోస్ సర్వీసెస్‌లో వైఫైని చూసుకునే డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ గూడా నడుస్తానే ఉంది.

ఒకటి గమనించినా. స్విచ్‌ను గోరుతో జరిపితే సన్నగా గరగరమంటాంది, ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు. దాని సందులో బూడిద రంగు గట్టిగా పేరుకుని ఉంది. అది రాయి పొడే. షెడ్డులో పాలిష్ చేసేటప్పుడు నీళ్లతో కలిసి లేచే బురద ఎండినాక ఆ పొడి అన్నిటి మీదా కూర్చుంటుంది. నాన్న రోజూ గుడ్డతో తుడిచేవాడు, ఆ సందులోకి గుడ్డ పోదు కదా.

పెన్నాగట్టు_తాడిపత్రి
శనివారం, మధ్యాహ్నం 1:05

దొంగ దొరికినట్టే ఉన్నాడు. తాడిపత్రిలో మా ఇంటి చుట్టూ బండల ఫ్యాక్టరీలే, ఈ పొడి సంగతి బాగా తెలుసు. ఫ్యాన్లను తినేది ఇదే, కీబోర్డులను తినేదీ ఇదే.

అనుమానంతో ఆగకుండా కళ్లతో చూసే దారి చెప్తా. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ (విండోస్ బదులు నడిచే ఉచిత సిస్టమ్) వేసుకో, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో అవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ తీసుకో. దాంతో బూట్ చేసి ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా నడుపు. హార్డ్‌డిస్క్ జోలికి పోదు, నాన్న బిల్లులు భద్రం. టెర్మినల్‌లో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని కొడితే సాఫ్ట్ బ్లాక్, హార్డ్ బ్లాక్ రెండూ వేరువేరుగా చూపిస్తుంది. విండోస్‌తో సంబంధం లేని సాక్షి కాబట్టి అక్కడ కూడా హార్డ్ బ్లాక్ ‘యెస్’ అంటే డ్రైవర్ మాట ఇక మరిచిపోవచ్చు.

అసలు ఉపయోగం దీని తర్వాత ఉండాది. ‘ఆర్‌ఎఫ్‌కిల్ ఈవెంట్’ అని కొట్టి ఆ కిటికీ అట్లే తెరిచి ఉంచి, స్విచ్‌ను చాలా మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు జరుపు. స్విచ్ పలికిన ప్రతిసారీ ఒక వరస పడుతుంది. వరస చివర హార్డ్ పక్కన 1 ఉంటే మూసింది, 0 ఉంటే తెరిచింది. ఒక్కసారైనా 0 పడిందా చూడు.

సీక్యాంపు_మాస్టారు
శనివారం, మధ్యాహ్నం 2:30

ఇంత లోతుగా చూడొచ్చని నాకు తెలియదు. నేను డాంగిల్ పెట్టిన మెషీన్ కూడా ఇట్లాంటిదేనేమో. ఫలితం తప్పక రాయి బాబూ, నేనూ చూసుకుంటాను.

నాపరాయి_కర్నూలు
శనివారం, రాత్రి 10:48

మింట్ దించడానికే సాయంత్రం అయింది. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్‌లో సాఫ్ట్ బ్లాక్ నో, హార్డ్ బ్లాక్ యెస్. పెన్నాగట్టన్న చెప్పినట్టు ఈవెంట్ పెట్టి స్విచ్ జరిపినా. మొదటి పది పదిహేను సార్లు ఏమీ లేదు, ఒక్క వరస గూడా పడలేదు. తర్వాత స్విచ్‌ను కుడి చివర వరకు తోసి గోరుతో లోపలికి అదిమి పట్టుకుంటే టక్కున వరస పడింది, హార్డ్ 0! పక్కన లైటు నీలం అయింది. చెల్లెలు గట్టిగా అరిచింది. వేలు తీసిన అర సెకనులో మళ్లీ హార్డ్ 1, నారింజ. ఐదారు సార్లు అట్లనే చేసినా, అదిమినంతసేపే నీలం.

ఆ నీలం లైటును ఎన్నేళ్ల తర్వాత చూసినామో. నాన్న గూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

టవర్‌క్లాక్_అనంత
శనివారం, రాత్రి 11:10

ఇంతకన్నా రుజువు అక్కర్లేదు తమ్ముడూ. కార్డు బాగుంది, బోర్డు బాగుంది. ఆ స్విచ్ లోపల రెండు రేకులు తాకాల్సిన చోట రాయి పొడి అడ్డం కూర్చుంది. అదిమితే తాకుతున్నాయి, వదిలితే విడిపోతున్నాయి.

ముందు కడిగి చూద్దాం. మొబైల్ రిపేరు షాపులో ఐపీఏ అని అడుగు, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న సీసా ఇస్తారు. బ్యాటరీ, అడాప్టర్ రెండూ తీసేసి మెషీన్‌ను నిలబెట్టు, స్విచ్ సందు కిందికి రావల్ల, ఊడిన పొడి బయటికి కారుతుంది గానీ లోపలికి పోదు. సిరంజితో రెండు మూడు చుక్కలు వేసి స్విచ్‌ను యాభై సార్లు అటూ ఇటూ జరుపు. మెత్తని టూత్‌బ్రష్‌తో సందు రుద్దు. మళ్లీ రెండు చుక్కలు. తర్వాత కనీసం ఒక పూట ఆరనివ్వు, తొందరపడి కరెంటు పెట్టొద్దు. నీళ్లు, నూనె, సెంటు వాడొద్దు. కొబ్బరినూనె వేసి తెచ్చినవాళ్లు ఉన్నారు, అది పొడిని ముద్ద చేసి ఇంకా గట్టిగా పట్టిస్తుంది.

నాపరాయి_కర్నూలు
ఆదివారం, రాత్రి 8:15

కడిగినా అన్నా. తెల్లగుడ్డ మీద సున్నం నీళ్ల మాదిరి కారింది. మూడు సార్లు చేసినా. పూట ఆరబెట్టి పెడితే వైఫై వచ్చింది! అయితే పావుగంటకు పోయింది, మళ్లీ జరిపితే వచ్చింది, ల్యాప్‌టాప్‌ను కొంచెం కదిలిస్తే పోతాంది. రేకులు అరిగిపోయినట్టున్నాయి. స్విచ్ మార్చాలంటే బోర్డు మొత్తం ఊడదీసి టంకం వేయాలంట. ఇంకేదైనా దారి ఉందా?

పెన్నాగట్టు_తాడిపత్రి
ఆదివారం, రాత్రి 8:52

ఉండాది. స్విచ్‌ను పక్కన పెట్టేసే దారి. నీ కార్డు మినీ పీసీఐఈ రకం అయితేనే ఇది పని చేస్తుంది, 2012 నాటిది కాబట్టి అదే అయ్యుంటుంది. కింద మూత తీస్తే బొటనవేలంత పచ్చ బోర్డు, దానికి నల్ల తీగ ఒకటి, తెల్ల తీగ ఒకటి తగిలించి కనపడతాయి. అదే.

ఆ కార్డుకు 52 పిన్నులు ఉంటాయి. బేసి సంఖ్యలవి చిప్పులు ఉండే ముందు వైపు, సరి సంఖ్యలవి వెనక వైపు. అందులో 20వ పిన్ పని ఒక్కటే, రేడియోను మూయమని చెప్పడం. స్విచ్ ఆఫ్ అనుకున్నప్పుడు మదర్‌బోర్డు ఆ పిన్ మీద వోల్టేజీని కిందికి లాగుతుంది, కార్డు రేడియోను ఆపేస్తుంది. ఆ పిన్ మీద సన్నటి టేపు ముక్క అతికిస్తే ఆ మాట కార్డుకు చేరదు. కార్డు లోపలున్న చిన్న రెసిస్టర్ దాన్ని పైకే పట్టి ఉంచుతుంది, రేడియో ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

20వ పిన్ ఎట్ల గుర్తుపట్టాలంటే, కార్డు వెనక్కి తిప్పు. పిన్నుల వరస మధ్యలో ఒక గాటు ఉంటుంది. గాటుకు ఒక పక్క ఎనిమిది పిన్నులే ఉంటాయి, ఇంకో పక్క ఎక్కువ. ఎక్కువ ఉన్న పక్క, గాటు నుంచి లెక్కపెడితే మొదటిది 18, రెండోది 20. ఆ రెండోదే మనకు కావాల్సింది. పిన్నుకు పిన్నుకు మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లే, కాబట్టి టేపును బ్లేడుతో దారం మాదిరి కోయల్ల.

టవర్‌క్లాక్_అనంత
ఆదివారం, రాత్రి 9:20

పెన్నాగట్టు చెప్పింది సరైన దారే, నేనూ చేస్తుంటా. రెండు జాగ్రత్తలు. బ్యాటరీ తీయకుండా కార్డు ముట్టొద్దు, చేత్తో ముందు ఇంట్లో ఇనుప కిటికీ చువ్వ లాంటిది తాకు, ఒంట్లో ఉన్న స్టాటిక్ దిగిపోతుంది. తీగల చివర గుండ్రటి క్లిప్పులు చాలా సున్నితం, సుమారు 30 సార్లు తీసి పెట్టడానికే తయారు చేస్తారు. తీగ పట్టి లాగొద్దు, క్లిప్పు కింద గోరు పెట్టి నిటారుగా పైకి లేపు. ఏ తీగ ఏ చోట ఉందో ముందే ఫోటో తీసుకో. మళ్లీ పెట్టేటప్పుడు టిక్ మని చిన్న చప్పుడు వినపడల్ల.

నాపరాయి_కర్నూలు
సోమవారం, రాత్రి 9:30

భయం పుట్టింది అన్నా. సెల్లో టేపు కోసి పెట్టి ఆన్ చేస్తే కార్డే మాయం. డివైస్ మేనేజర్‌లో పేరే లేదు. విండోస్‌లోనూ లేదు, మింట్‌లోనూ లేదు. నేనే దాన్ని చంపేసినానా?

పెన్నాగట్టు_తాడిపత్రి
సోమవారం, రాత్రి 9:38

ఏం కాలేదు, భయపడొద్దు. టేపు వెడల్పు ఎక్కువై పక్క పిన్ కూడా మూసుకుపోయి ఉంటుంది. 18 మూసుకున్నా పరవాలేదు, అది ఎర్త్, అట్లాంటివి ఇంకా చాలా ఉన్నాయి. 22 మూసుకుంటే మాత్రం ఇట్లనే అవుతుంది. అది రీసెట్ పిన్, దాని ద్వారా మాట రాకపోతే కార్డు సరిగా లేవదు. మెషీన్ ఆపి టేపు తీసి ఇంకా సన్నగా కోసి పెట్టు. కుదరకపోతే గాటు వైపుకే జరిపి అతికించు, 18 మీదికి పోయినా మంచిదే గానీ 22 వైపు రాకూడదు.

నాపరాయి_కర్నూలు
సోమవారం, రాత్రి 11:55

వచ్చింది!!

చెల్లెలు భూతద్దం పట్టుకుంది, నేను కొత్త బ్లేడుతో అద్దం ముక్క మీద టేపు కోసినా. నాలుగు ముక్కలు పాడై ఐదోది కుదిరింది. పట్కారుతో పట్టి గాటు పక్కకు ఆనించి పెట్టినా. ఆన్ చేస్తే హార్డ్‌వేర్ ఆన్, సాఫ్ట్‌వేర్ ఆన్. స్విచ్ పక్క లైటు ఇంకా నారింజే ఉంది గానీ వైఫై మాత్రం నడుస్తాంది. స్విచ్ ఎటు జరిపినా పోవట్లేదు. చుట్టుపక్కల ఇళ్ల పేర్లన్నీ కనపడుతున్నాయి.

కానీ మా ఇంటి పేరు ఒక్కటే కనపడట్లేదు. రౌటర్ అదే గదిలో ఉంది, ఫోన్లు రెండూ దానికే తగులుకుని ఉన్నాయి.

టవర్‌క్లాక్_అనంత
మంగళవారం, ఉదయం 6:45

శభాష్ తమ్ముడూ. ఆ లైటును మదర్‌బోర్డే నడుపుతాంది, దానికి స్విచ్ ఇంకా ఆఫ్‌లో ఉన్నట్టే లెక్క, పట్టించుకోవద్దు. వైఫై ఆపాలంటే ఇకనుంచి విండోస్‌లోనే ఆపల్ల.

ఇంటి పేరు కనపడకపోవడానికి కారణం రౌటర్‌లో ఉంటుంది. ఆ కాలం కార్డుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే వినపడుతుంది, 5 గిగాహెర్ట్జ్ వినపడదు. రౌటర్‌లో 2.4 ఆపేసి ఉంటే దీనికి ఆ పేరు ఎప్పటికీ కనపడదు. రౌటర్ పేజీలోకి పోయి 2.4 ఆన్ చేసి దానికి వేరే పేరు పెట్టు.

ఏడురోడ్ల_కడప
మంగళవారం, ఉదయం 8:10

2.4 ఆన్‌లోనే ఉంటే ఛానల్ చూడు. మన దేశంలో 1 నుంచి 13 వరకు వాడొచ్చు, రౌటర్ ఆటోలో ఉంటే ఒక్కోసారి 12కో 13కో పోతుంది. ఆ రెండు ఛానళ్లను పట్టించుకోని పాత కార్డులు చాలా ఉన్నాయి. 1, 6, 11లో ఏదో ఒకటి చేత్తో ఎంచి పెట్టు.

పేరు కనపడి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే సెక్యూరిటీ చూడు. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత కార్డుకు రాదు, డబ్ల్యూపీఏ2 కూడా కలిపి ఉన్నది పెట్టాలి. ఇంకోటి, వైఫై 6 రౌటర్లు వచ్చాక కొన్ని పాత ఇంటెల్ డ్రైవర్లకు ఆ పేర్లే కనపడేవి కావు. అట్లాంటప్పుడు డ్రైవర్ కొత్తది వేయాలి, లేదా రౌటర్‌లో 2.4 వరకు 11ఏఎక్స్ మోడ్ (అదే వైఫై 6) తీసి పాత 11ఎన్‌లో పెట్టాలి.

నాపరాయి_కర్నూలు
మంగళవారం, రాత్రి 8:40

ఛానలే అక్కా! 2.4 ఆన్‌లోనే ఉంది, ఛానల్ 13లో ఉంది. 6కి మార్చినాక పది సెకన్లలో పేరు వచ్చింది. ఇది రాస్తాండేది ఆ ల్యాప్‌టాప్ నుంచే, కేబుల్ లేకుండా.

ప్రొద్దుటూరు_కుర్రోడు
బుధవారం, ఉదయం 10:05

అక్కా, నాది 14ఈ4 వచ్చింది, అంటే బ్రాడ్‌కామ్. విండోస్ 8.1 డ్రైవర్ కంపాటిబిలిటీలో వేస్తే వైఫై వచ్చేసింది. చాలా థాంక్స్. ఇంకొక సందేహం, మా అన్న ల్యాప్‌టాప్ 2019ది, దానికీ స్విచ్ తిక్కగానే ఉంది. టేపు ఉపాయం దానికి పనికొస్తాదా?

పెన్నాగట్టు_తాడిపత్రి
బుధవారం, ఉదయం 10:50

ఇదే లెక్కతో పెట్టొద్దు. ఆ వయసు మెషీన్లలో సాధారణంగా ఎం.2 రకం కార్డు ఉంటుంది, పిన్నుల లెక్కే వేరు. అందులో వైఫైని మూసేది 56వ పిన్. దూరం గూడా ఇంకా సన్నం, చేత్తో టేపు పెట్టడం కష్టం. ముందు ఆ రేడియో స్టేటస్ కమాండ్ కొట్టి హార్డ్‌వేర్ ఆఫ్ అంటుందో సాఫ్ట్‌వేర్ ఆఫ్ అంటుందో రాయి, తర్వాత చూద్దాం.

సీక్యాంపు_మాస్టారు
శుక్రవారం, సాయంత్రం 5:30

బాబూ, నా పాత మెషీన్‌లో కూడా ఆ కమాండ్ కొట్టాను. సాఫ్ట్‌వేర్ ఆఫ్ అని వచ్చింది. సెట్టింగ్స్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేస్తే లోపలి వైఫై వచ్చేసింది. రెండేళ్లుగా డాంగిల్‌తో నడిపాను. ఆ డాంగిల్ ఇప్పుడు ఖాళీగా ఉంది, కర్నూలులో ఎవరైనా పిల్లలకు చదువు కోసం కావాలంటే ఇస్తాను. ఇక్కడ మెసేజ్ పెట్టండి.

నాపరాయి_కర్నూలు
మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 11:20

అన్నలకు, అక్కకు, మాస్టారుకు ఒక మాట చెప్పాలని వచ్చినా. వైఫై ఒక్కసారి గూడా పోలేదు. సెల్లో టేపు వేడికి జిగురు కారుతుందని టవర్‌క్లాకన్న మెసేజ్‌లో చెప్పినాడు. మూత తీసి చూస్తే నిజంగానే అంచులు మెత్తబడి ఉన్నాయి. మొబైల్ రిపేరు వాళ్లు వాడే గోధుమరంగు వేడికి ఆగే టేపు రెండు అంగుళాలు అడిగి తెచ్చి మార్చినా. పనిలో పనిగా ఫ్యాన్ గూడా ఊదినా, అందులోంచి పిడికెడు రాయి పొడి వచ్చింది.

చెల్లెలికి మొదటి విడతలోనే అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్‌కు ఈ ల్యాప్‌టాపే తీసుకుపోతానంటాంది. టవర్‌క్లాకన్నా, ఆ ఊరికి వచ్చినప్పుడు నాన్న మిమ్మల్ని కలవాలంటున్నాడు.

టవర్‌క్లాక్_అనంత
ఆదివారం, మధ్యాహ్నం 12:02

తప్పకుండా రమ్మను తమ్ముడూ. పాపను గూడా తీసుకురా. కొంచెం ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆ మెషీన్ నాలుగేళ్ల చదువుకు సరిపోతాది, నా బల్ల మీదనే వేద్దాం.